అడ్డపొగ మాన్పించడానికి ఇల్లిల్లూ తిరిగిన వైద్యులు

శ్రీకాకుళం వైపు పల్లెల్లో అడ్డపొగ తాగే ఆడవాళ్ళను మీలో కొందరు చూసే ఉంటారు. చుట్ట వెలిగించి, నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని పీలుస్తారు. గాలికి ఆరదనీ, ఒళ్ళో బిడ్డ మీద నిప్పురవ్వ పడదనీ చెబుతారు. ఆ సెగకు అంగిలి తెల్లబడి, ఎర్రచుక్కలు తేలతాయి. నొప్పి ఉండదు కనుక ఎవరికీ పట్టదు. కొందరికి క్యాన్సర్ అక్కడినుంచే మొదలవుతుంది మరి!

1960ల చివర్లో బొంబాయి టాటా పరిశోధన సంస్థ దంతవైద్యులు ఈ జిల్లాలో ఇల్లిల్లూ తిరిగి నోళ్ళు పరీక్షించారు. తరువాత శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావనగర్ జిల్లాల్లో పొగాకు వాడే సుమారు 36,000 మందిని ఎంచుకున్నారు. “మానెయ్యమ్మా” అని ఒక్కసారి చెప్పి పోలేదు. ఏటేటా గుమ్మంలోకే వెళ్ళి, నోరు చూసి, ఏమవుతోందో ఎదురుగా కూచుని వివరించారు. అందరూ మానారా అంటే, లేదు. చుట్ట అంత తేలిగ్గా వదిలేదా? అయినా మానినవారూ, తగ్గించినవారూ పెరిగారు, కొత్తగా తెల్లమచ్చలు రావడం తగ్గిందని 1986లో ప్రకటించారు.

ప్రభుత్వం 2002లో 13 చోట్ల పొగాకు మాన్పించే క్లినిక్కులు తెరిపించింది. 2016 నుంచి 1800-11-2356 నంబరుకు ఉచితంగా ఫోను చెయ్యవచ్చు. తెలుగులోనూ మాట్లాడతారు. మానేసే రోజు మీచేతే నిర్ణయింపజేసి, ఎలా ఉన్నారో కనుక్కోవడానికి తరువాత వాళ్ళే మళ్ళీ ఫోను చేస్తారు.