వామనగుంటల పీట



మన కొత్తచెరువు పేరులోనే చెరువున్నది. చెరువున్న యూరిలో తూము సంగతి తెలియని పెద్దలుండరు. ఒక తూమునకు రంధ్రము పెద్దదియు, వేఱొక తూమునకు చిన్నదియు నైనచో, ఒకరి మడి నిండును. మఱియొకరి మడి యెండును. రాతిలోని రంధ్రము చూచుటకు స్వల్పము. దానివలన పుట్టెడి తగవు స్వల్పము కాదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసెడి యీ మెట్టసీమలో, సమానముగా పంచుకొనుట యనునది నీతివాక్యము కాదు, జీవనోపాయము.

నేటి ప్రసంగము చెరువును గూర్చి కాదు. చెక్కలో తొలిచెడి గుంటలను గూర్చి. వామనగుంటల పీట యెఱుగని వారు మనలో నుండరు. అది ఆడువారి పొద్దుపుచ్చు వస్తువు, దానికి చరిత్ర యేమని కొందఱు తలపవచ్చును. తూమునకు వర్తించిన న్యాయమే ఆ పీటకును వర్తించును. గుంటలు సమానముగా లేని పీటపై న్యాయమైన ఆట సాగదు. ఆ సమానతను చెక్కపై ఎట్లు నిలిపిరి, ఎట్లు నిలుపవలెను అనునదే నేను చెప్పబూనిన చరిత్ర.

నా చిన్నతనమున మా యింటిలో రెండు పీటలుండెను. ఒకటి మా అవ్వ పుట్టింటినుండి తెచ్చుకొన్నది. గుంటలు అరిగి నునుపెక్కినను వరుస చెదరనిది. రెండవది మా తండ్రిగారు తొందరపడి చేయించినది. చేసినవాడు కొలతపెట్టక కంటి యంచనాతో గుంటలు తొలిచెను. ఏడవ గుంట చెక్క యంచునకు పోయి, ఒక వేసవిలో పగిలెను. నడుమనున్న ఒక గుంట మిక్కిలి లోతై, చేయి పెట్టి తీసినపుడెల్ల అడుగున ఒక చింతగింజ మిగిలిపోవుచుండెను. ఆ గింజ మూలమున మా అక్కచెల్లెండ్రు ఎన్నిదినములు మాటలాడుకొనలేదో! “ఇది పీట కాదు నాయనా, తగవుల పెట్టె” యని అవ్వ దానిని అటకపై పెట్టించెను. ఒక గింజ లెక్క తప్పుట స్వల్పమని ఆమె యొప్పుకొనలేదు.

ఆట పద్ధతి మీరెఱిగినదే యైనను, పిల్లలకు చెప్పుటకై ఒకమాఱు జ్ఞప్తి చేసెదను. పీటకు వరుసకు ఏడు చొప్పున రెండు వరుసలు, మొత్తము 14 గుంటలు. గుంటకు నాలుగు గింజలైన మొత్తము 56; అయిదైన 70. ఈ సంఖ్య యింటింటి యాచారమును బట్టి మాఱును. ఒక గుంటలోని గింజలను తీసి, తరువాతి గుంటలలో ఒక్కొక్కటిగా వేయుచు పోవలెను. చేతిలోనివి ముగిసిన పిమ్మట ముందున్న గుంటలోనివి తీసి మఱల సాగింపవలెను. ముందున్న గుంట వట్టిదైనచో, దాని తరువాతి గుంటలోని గింజలు ఆడువారి సొమ్మగును. పదునాలుగు గింజలు చేతబట్టిన పిల్ల, కడపటి గింజ తాను బయలుదేఱిన గుంటలోనే పడునని ముందుగానే చెప్పగలదు. పలకాబలపము ముట్టని బాలికలు కూడికయు భాగహారమును నేర్చినది ఈ పీటమీదనే.

ఓడినవారు మఱుసటి యాటలో తమకు మిగిలిన గింజలు చాలినన్ని గుంటలు మాత్రమే నింపుకొని, తక్కినవానిని బీడుగా విడిచెడి పద్ధతియు గలదు. విత్తనము చాలని రైతు పొలమున సగము విత్తి సగము విడుచుట వంటిదే యిది. 1876–78 నాటి మహాక్షామమున మన సీమ బళ్లారి జిల్లాలోని భాగము. 1882లో అనంతపురము వేఱు జిల్లా యైనది. 2022 ఏప్రిల్ 4వ తేదీని శ్రీ సత్యసాయి జిల్లా యేర్పడగా కొత్తచెరువు దానిలో చేరినది. జిల్లా పేర్లు మాఱినవి గాని, విత్తనము చాలని యేటి దుఃఖము మాఱలేదు. ఆ దుఃఖమును ఆటలోనే పిల్లలకు తెలిపిన పీట యిది.

ఇట్టి గుంటల యాట మన యొక్కరిదే కాదు. తమిళులు పల్లాంగుళి యందురు. మన పొరుగు కన్నడిగులు అళిగుళి మణె యందురు. సింహళ ద్వీపమున గురివింద గింజలతో ఆడుదురు. అక్కడ దానిపేరు ఒలింద కెళియ. మలయా దేశమునందును, ఆఫ్రికా ఖండమున మిక్కిలి విరివిగాను దీనికి జ్ఞాతులైన ఆటలు గలవు. అమెరికా పండితుడు స్టూవర్ట్ కులిన్ ఆ దేశపు జాతీయ సంగ్రహాలయమువారి 1894వ సంవత్సరపు నివేదికలో ఈ గుంటల యాటలను గూర్చి వ్రాయుచు, దీనిని ఆఫ్రికా జాతీయ క్రీడయని పేర్కొనెను. నేలలో గుంటలు త్రవ్వియు, రాతిపై తొలిచియు, చెక్కపై చెక్కియు ఆడినవారు ప్రపంచమున ఇందఱున్నారు.

గుంటలకు బదులు సన్నని రంధ్రములు తొలిచి, వానిలో మేకులు గ్రుచ్చి ఆడెడి పలకలును మిక్కిలి ప్రాచీనములు. 1910లో ఐగుప్తు దేశమున థీబ్సు నగరపు సమాధులలో హోవర్డ్ కార్టరు, కార్నర్వన్ ప్రభువు త్రవ్వకములు జరిపినపుడు అట్టిదొకటి దొరకెను. దానికి 58 రంధ్రములు. ఆడుటకు పది దంతపు మేకులు. అయిదింటికి వేటకుక్క తలలు, అయిదింటికి నక్కతలలు. అది సుమారు 3,800 సంవత్సరముల నాటిది.

ఇంగ్లండులో పదునేడవ శతాబ్దమున క్రిబేజి యను పేకాట వెలసెను. దానిని కల్పించినవాడు సర్ జాన్ సక్లింగ్ అను కవియని జాన్ ఆబ్రే వ్రాసెను. ఈ యాటలో పేకలు చేతనున్నను, లెక్క చెక్కపై నుండును. వాడుకలోనున్న పలకపై ఒక్కొక్కరికి 60 రంధ్రములు. తుదకొక గెలుపు రంధ్రము. రెండుమాఱులు చుట్టి గెలుపు రంధ్రమును చేరినచో 121. ఒక్కొక్కరికి రెండేసి మేకులు. లెక్క వచ్చినపుడు వెనుకనున్న మేకును తీసి ముందుదానిని దాటించి గ్రుచ్చుదురు. నిలిచియున్న మేకు పాతలెక్కకు సాక్షి. కనుక ఎదుటివాడు కూడిక సరిచూచుకొనవచ్చును. కరణము లేకయే కాగితము లేకయే లెక్క తప్పకుండుటకు చెక్కయే సాక్ష్యము పలుకును.

నూటయిరువది రంధ్రములు సరిగా తొలుచుట యెట్లు? పదునాలుగు గుంటలు సరిగా తొలుచుట యెట్లు? రెంటికి ఉపాయమొక్కటే. ముందుగా రంధ్రములు గల పలుచని మాదిరి పలక నొకదానిని చేసికొని, దానిని చెక్కపై నుంచి, ఆ రంధ్రముల గుండ గుర్తులు పెట్టుట. దీనిని అచ్చుపలక యందము.

అచ్చుపలక లేనిదే ఏమగునో లెక్కవేసి చూడుడు. 18 అంగుళముల పొడవు, 6 అంగుళముల వెడల్పు, ఒకటిన్నర అంగుళము మందముగల చెక్కను తీసికొందము. రెండంగుళముల గుంటలు, ఒక గుంట నడిమి చుక్కనుండి తరువాతి గుంట నడిమి చుక్కకు రెండున్నర అంగుళములు. ఏడు గుంటలకు ఆరు ఎడములు, అనగా 15 అంగుళములు. రెండు కొనలయందు చుక్కకు వెలుపల ఒకటిన్నర అంగుళము చొప్పున మిగులును. గుంట పోగా అంచున అరయంగుళము చెక్క నిలుచును. ఒక్కొక్క గుంటను దాని ముందటి గుంటనుండి కొలుచుచు పోయినవాడు, ప్రతిమాఱును అంగుళములో పదునాఱవవంతు హెచ్చుగా కొలిచెననుకొందము. ఆ తప్పు కంటికి ఆనదు. కాని ఏడవ గుంట చేరునప్పటికి ఆరు పదునాఱవ వంతులు కూడును. అరయంగుళపు అంచు అంగుళములో ఎనిమిదవవంతుగా సన్నగిల్లును. మా యింటి రెండవ పీట పగిలిన కారణమిదియే. చిన్నతప్పు ఒక్కచోట నిలువదు. వెంటవెంట నడచుచు పెరుగును.

కనుక అచ్చుపలకను తీరికగా చేయవలెను. పలుచని గట్టిచెక్కపై 15 అంగుళముల గీత గీచి, కైవారముతో ఆరు అడుగులు వేయవలెను. ఆరవ అడుగు గీత కొనయందు సరిగా పడువఱకు కైవారమును సవరించి, అప్పుడు చుక్కలు పెట్టి సన్నని రంధ్రములు తొలువవలెను. దాని నిజము తెలియుటకు సులభమైన పరీక్ష గలదు. ఒక చెక్కపై ఏడు గుర్తులు పెట్టి, పలకను ఒక్క రంధ్రము మేర జరిపి, మొదటి రంధ్రమును రెండవ గుర్తుపై నిలుపవలెను. కడపటిది తప్ప తక్కిన రంధ్రములన్నియు తక్కిన గుర్తులపై సరిగా నిలిచినచో ఎడములన్నియు సమానములు. ఒక్కటి తొలగినను ఆ పలకను పాఱవేయవలెను. ఈ పరీక్షకు చదువు అక్కఱలేదు, కన్నులు చాలును.

పిదప బాగుగా ఎండి, ముడులు లేని వేపచెక్కయో టేకుచెక్కయో తీసికొని చిత్రిక పట్టవలెను. రెండు వరుసలకును ఆ ఒక్క పలకతోనే, చెక్కయొక్క ఒకే కొననుండి గుర్తులు పెట్టిన యెడల, ఎదురెదురు గుంటలు ఒక్కసూటిగా వచ్చును. లోతు సమమగుటకును ఉపాయము గలదు. బరమా మొనకు ముప్పాతిక అంగుళము పైన దారము చుట్టి, దారము చెక్కను తాకునంతవఱకే ప్రతి గుర్తునందును తొలువవలెను. తరువాత వంపు ఉలితో గుంటను గుండ్రముగా చెక్కుచు, ఆ సన్నని రంధ్రము మాయమైనచోట ఆపవలెను. అడుగు వెడల్పై నునుపుగా నుండవలెను. అప్పుడు మునివ్రేళ్లకు గింజ తప్పదు.

పీట పూర్తియైన పిమ్మట అచ్చుపలకను పొయ్యిలో పెట్టుట మన యిండ్ల యలవాటు. అది తగదు. పీట అరుగును, పగులును, కోడలి వెంట పొరుగూరికి పోవును. అచ్చుపలక నిలిచినచో, పని యెఱిగిన ఏ వడ్రంగియైనను అదే పీటను మరల పుట్టింపగలడు. అటకలపై మిగిలిన పాతపీటలను దింపి, ఎడములు కొలిచి, ఒక మంచిపీటకు అచ్చుపలక చేయించి బడిలోనో రచ్చకట్ట చెంతనో ఉంచుడు. ఇప్పుడీ పని చేయించుటకు గుంటల లెక్క తెలిసిన అవ్వలును, ఉలిపట్టు తెలిసిన ఆచారులును ఇంకను మన నడుమనున్నారు. పిలిచి కూర్చుండబెట్టి అడిగెడివారే తక్కువగుచున్నారు.

తూము రంధ్రము సమముగా నున్న ఊరిలో నీటి తగవు తగ్గును. గుంట సమముగా నున్న పీటపై ఓడిన పిల్ల తన యోటమిని ఏడ్వక యొప్పుకొనును. న్యాయముగా ఓడుట నేర్చినవారే న్యాయముగా పంచుకొనుటయు నేర్తురు. మన పెద్దలు ఆ పాఠమును చెక్కపై చెక్కి పెట్టిరి. దాని కొలత చెడకుండ మనుమలకు అందించు బాధ్యత మనది.