రాజధానికి దారి

వేల్స్ దేశపు రైలుమార్గముల పటమును పరికించినచో ఒక వింత గోచరించును. ప్రధాన మార్గములు తూర్పు నుండి పడమరకు పోవును. ఉత్తర తీరమును దక్షిణ తీరముతో కలుపుచు, పూర్తిగా దేశములోపలనే సాగు మార్గము ఒక్కటియు లేదు.

ఈ కొరతకు కొండలు మాత్రమే కారణము కావు. ఆ మార్గములను వేయించినవారి చూపు ఐర్లండుపై నుండెను. ఉత్తరమున రాబర్ట్ స్టీఫెన్‌సన్ నిర్మించిన మార్గము లండన్-డబ్లిన్ తపాలా కొరకు పుట్టినది. 1850లో మెనాయ్ జలసంధిపై బ్రిటానియా వంతెన వెలయగా అది హోలీహెడ్ రేవు వరకు ఏకముగా సాగినది. దక్షిణమున బ్రూనెల్ మార్గము సైతము ఐరిష్ నౌకలను అందుకొనుటకే పడమరకు సాగి, 1856లో నేలాండ్ చేరినది. పశ్చిమమున ఉత్తర దక్షిణములకు కొంత ఆసరాగా నున్న చిన్న మార్గములు రాబడి చాలక మూతపడినవి. బాంగర్-ఆఫన్ వెన్ మార్గమున 1964లోను, అబరిస్ట్‌విత్-కార్మార్థెన్ మార్గమున 1965లోను ప్రయాణికుల బండ్లు నిలిచిపోయినవి.

కార్డిఫ్ 1955లో రాజధాని యైనది. 1999లో అచట శాసనసభ కొలువుదీరినది. హోలీహెడ్ వాసికి రాజధానితో పని పెరిగినది గాని, దారి మాత్రము సరిహద్దు దాటి ఇంగ్లండులోని ష్రూస్‌బరీ, హెర్‌ఫర్డ్‌ల మీదుగానే మిగిలినది. ప్రయాణమునకు నాలుగు గంటలకు పైగా పట్టును.

2008 డిసెంబరులో వేల్స్ ప్రభుత్వము తన ఖర్చుతో ఈ రెండు కొసల నడుమ ఒక వేగపు బండిని నడిపించినది. వారపు పనిదినములలో ఉదయమే హోలీహెడ్‌లో బయలుదేరి, సాయంకాలము కార్డిఫ్ నుండి మరలి పోవునది. భోజనశాల గల బండి. దానికి గెరాల్డ్ అను మతాచార్యుని పేరు పెట్టిరి. ఆయన 1188లో ఆర్చిబిషప్ బాల్డ్విన్ వెంట వేల్స్ అంతయు చుట్టి, ఆ యాత్రను గ్రంథస్థము చేసిన విద్వాంసుడు. పడమటి తీరము వెంబడి ఉత్తరమునకు పోయి, ష్రూస్‌బరీ, హెర్‌ఫర్డ్‌ల మీదుగా మరలి వచ్చెను. ఆయన పోయిన దారిన పట్టాలు తెగిపోగా, రైలునకు ఆయన తిరుగుదారియే దక్కినది.

టిక్కెట్ల సొమ్ముతో గడవని బండికి ప్రజాధన మేల యని విమర్శకులు ప్రశ్నించిరి. ప్రశ్న న్యాయమైనదే. అయితే హోలీహెడ్ మార్గమునకు నాడు అండగా నిలిచినది కూడ ప్రభుత్వపు తపాలా ఒప్పందపు సొమ్మేనని మనము మరువరాదు. నాడు ప్రజాధనము డబ్లిన్‌కు దారి చూపినది. నేడు కార్డిఫ్‌కు చూపుచున్నది. 2021 ఫిబ్రవరి నుండి వేల్స్ రైళ్ల నిర్వహణ అచటి ప్రభుత్వ సంస్థ చేతిలోనే యున్నది. పట్టాలను తిరిగి వేయుట కష్టము. బండి ఎవరి కొరకు నడువవలెనో నిర్ణయించుట మాత్రము ప్రజల చేతిలోని పని.