యోజనంలోని పరమాణువులు: లలితవిస్తరంలోని ఒక సంఖ్యాపాఠ విచారణ

లలితవిస్తరంలోని శిల్పసందర్శన పరివర్తంలో, శిల్పజ్ఞుడు కానివానికి తన కుమార్తె గోపను ఇవ్వనని దండపాణి శాక్యుడు పలుకగా, సిద్ధార్థకుమారుడు సకల విద్యలలోను పరీక్షకు నిలుస్తాడు. గణకమహామాత్రుడైన అర్జునుడు కోటికి పైనున్న గణనను అడుగుతాడు. బోధిసత్త్వుడు కోటి మొదలు నూరింతలుగా పెరిగే సంఖ్యానామాలను తల్లక్షణం వరకు చెప్పి, ఆపై పరమాణురజోగణనను వివరిస్తాడు. యోజనంలో పరమాణువులెన్ని అన్నదే అక్కడి ప్రశ్న.

గ్రంథం చెప్పిన క్రమం ఇది. ఏడు పరమాణువులు ఒక అణువు. ఏడు అణువులు ఒక త్రుటి. అక్కడినుండి వాతాయనరజం, శశరజం, ఏడకరజం, గోరజం, లిక్ష, ఆవగింజ, యవగింజ, అంగుళిపర్వం వరకు ప్రతి మెట్టూ ఏడింతలే. మొత్తం 10 మెట్లు. పన్నెండు అంగుళాలు ఒక వితస్తి, అనగా జాన. రెండు జానలు ఒక మూర. నాలుగు మూరలు ఒక ధనువు. వేయి ధనువులు ఒక క్రోశం. నాలుగు క్రోశాలు ఒక యోజనం, మన ఆమడ.

కనుక యోజనానికి అంగుళాలు 3,84,000. అంగుళానికి పరమాణువులు పది ఏడుల గుణకారఫలం, అనగా 28,24,75,249. ఈ రెంటిని గుణిస్తే 1,08,47,049 కోట్ల 56 లక్షల 16 వేలు వస్తుంది. గ్రంథంలోని పరిభాషలోనే చెప్పాలంటే 10 కంకరలు, 84 నియుతాలు, 70 అయుతాలు, 49 కోట్లు, 56 లక్షల 16 వేలు. ఇంత పెద్ద సంఖ్యకు ప్రధాన కారణాంకాలు నాలుగే: 2 పదిమార్లు, 3 ఒకమారు, 5 మూడుమార్లు, 7 పదిమార్లు. దీనిని నిశ్శేషంగా భాగించే సంఖ్యలు 968.

చిక్కు ఇక్కడ మొదలవుతుంది. ముద్రిత సంస్కృత పాఠంలో బోధిసత్త్వుడు చెప్పే మొత్తం ఇది కాదు. అది అక్షోభ్య స్థానాన్ని దాటి ఆరంభమై, అయిదు పదిలక్షలు, పన్నెండు వేలతో ముగుస్తుంది. అక్షోభ్యమొక్కటే పై ఫలానికి 900 రెట్లకు మించినది. లేఖకుల చేతిలో కొన్ని ధూళిమెట్లు జారిపోయి ఉండవచ్చునని, వాటిని పూరిస్తే లెక్క కుదురుతుందని ఎవరికైనా తోచవచ్చు.

ఆ ఊహను కారణాంకాలే నిరాకరిస్తున్నాయి. 3,84,000 అనునది 64కు 6,000 రెట్లు. కనుక అంగుళంలో ఎన్ని పరమాణువులున్నా, ఏడింతల మెట్లు ఎన్ని చేర్చినా, యోజనపు మొత్తం 64చే నిశ్శేషంగా భాగింపబడవలెను. పదిలక్షలు 64చే భాగింపబడుతుంది. కనుక ఆ స్థానమూ దానికి పైనున్న స్థానాలూ ఈ పరీక్షకు అడ్డురావు. మిగిలినది పన్నెండు వేలు. దానిని 64చే భాగిస్తే 32 శేషిస్తుంది. అంటే ముద్రితపాఠంలోని మొత్తం ఈ కొలతల క్రమంనుండి ఏ విధంగానూ పుట్టజాలదు.

అంగుళాల లెక్కనే శంకించవచ్చును కదా అంటే, వసుబంధుని అభిధర్మకోశం సాక్ష్యమిస్తుంది. అక్కడ క్రోశం 500 ధనువులు, యోజనం ఎనిమిది క్రోశాలు. విభాగం వేరైనా యోజనానికి అంగుళాలు మళ్ళీ 3,84,000లే. కనుక దోషం క్రమంలో కాక మొత్తంలోనే ఉన్నదనుట యుక్తం.

గుణకారఫలంలోనూ, పాఠంలోనూ పదిలక్షల స్థానాన అయిదే ఉండడం గమనింపదగినది. ఆపై ఒకచోట ఆరు లక్షల పదహారు వేలు, మరొకచోట పన్నెండు వేలు. పాఠాంతాన మూలగణన జాడ మిగిలిందేమోనని తోస్తుంది. అయితే ఒక్క అంకె కలవడం కాకతాళీయమూ కావచ్చు. ఆ ఆధారంతో ద్వాదశను షోడశగా దిద్దుట సాహసమే.

పరిష్కర్తలు చేయదగినది ఒక్కటే: లభించిన పాఠాన్ని యథాతథంగా నిలిపి, గుణకారఫలాన్ని అధోజ్ఞాపికలో చూపడం. పారాయణంలో తరతరాలుగా నిలిచిన మాటను గణితం పేరిట మౌనంగా మార్చరాదు. గణితం చెప్పిన సాక్ష్యాన్ని భక్తి పేరిట దాచనూరాదు.