గాజు ఎముకల బిడ్డ, పిండ మూలకణాలు

మూలకణాలతో మొండి జబ్బులన్నీ నయమవుతాయనే ప్రకటనలు మీ కంటబడే ఉంటాయి. ఆ మాటల విలువ తేల్చుకోవాలంటే ముందు ఆ కణాల చరిత్ర తెలియాలి.

ఎముక మజ్జలో రక్తాన్ని పుట్టించే కణాలతో పాటు ఎముకను నిర్మించగల కణాలూ ఉన్నాయని 1960, 70 దశకాలలో సోవియట్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ ఫ్రీడెన్‌స్టైన్ చూపించారు. 1991లో అమెరికా శాస్త్రవేత్త ఆర్నాల్డ్ కాప్లన్ వాటికి 'మెసెంకైమల్ మూలకణాలు' అని పేరు పెట్టారు. 2001లో లండన్ పరిశోధకులు గర్భం తొలి మూడు నెలలలోని పిండం రక్తంలో, కాలేయంలో, మజ్జలో అటువంటి కణాలనే గుర్తించారు. పెద్దల కణాలకన్నా ఇవి వేగంగా వృద్ధి చెందుతాయి. అయితే ఇవి గర్భస్రావం జరిగిన పిండాల నుండి లభిస్తాయి కనుక తల్లి సమ్మతి, నైతిక నియమాలు అత్యవశ్యకం.

కొలాజెన్ లోపం వలన కొందరు శిశువుల ఎముకలు గర్భంలోనే గాజులా విరుగుతాయి. స్వీడన్ వైద్యులు అటువంటి ఒక ఆడ శిశువుకు 32వ వారంలో, తల్లి గర్భంలో ఉండగానే, వేరొక పిండపు కాలేయం నుండి తీసిన కణాలను ఎక్కించారు. ఆ వివరాలు 2005లో ప్రచురితమయ్యాయి. తొమ్మిదో నెలలో పరీక్షించగా దాత కణాలు బిడ్డ ఎముకలో నిలిచి ఉన్నాయి. మొదటి రెండేళ్లలో ఎముకలు విరిగింది మూడుసార్లే.

ఇది అద్భుతమేనా? తొందరపడకండి. ఆ బిడ్డకు నాలుగో నెల నుండి ఎముకలను బలపరిచే మందు కూడా ఇచ్చారు. మేలు దేనివలన ఎంత కలిగిందో ఒక్క బిడ్డను చూసి తేల్చలేము. అందుకే ఐరోపా సమాఖ్య నిధులతో 2016లో 'బూస్ట్‌బీఫోర్' అనే పరిశోధన ప్రాజెక్టు మొదలైంది. ఈ కణాలు ప్రధానంగా స్రావాల ద్వారా పనిచేస్తాయనీ, 'మూలకణాలు' అనే మాట రోగులను తప్పుదారి పట్టిస్తోందనీ, పేరు మార్చాలనీ 2017లో స్వయంగా కాప్లనే కోరారు.

మన దేశంలో 2017 నాటి జాతీయ మార్గదర్శకాల ప్రకారం, రక్త సంబంధ వ్యాధులు మొదలైన కొన్నింటికి చేసే రక్త మూలకణాల మార్పిడి తప్ప, మిగిలిన మూలకణ ప్రయోగాలన్నీ అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్‌లోనే జరగాలి. కనుక ఎవరైనా మీ బిడ్డకు ఈ చికిత్స చేస్తామంటే, డబ్బు కట్టేముందు ఆ ట్రయల్ రిజిస్ట్రేషన్ సంఖ్య అడగండి. సంఖ్య చూపలేని చోట నుండి బిడ్డను వెనక్కు తీసుకురండి.