తొట్టిస్నానము తెలుగునాట అడుగిడిన కథ

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఏదేని యొక చరిత్ర విషయమును వ్రాయుమని కార్యనిర్వాహకులు నన్ను కోరిరి. రాజుల కథలును కోటల కథలును వ్రాయగల విద్వాంసులు పెక్కురు కలరు. నేను మన బీరువాలోని ఒక అరను చూచి ఈ విషయమును ఎన్నుకొంటిని. ప్రకృతి చికిత్సను గూర్చిన పుస్తకములుండు అర యది. ఆ పుస్తకముల అట్టలు ఊడినవి, అంచులు నలిగినవి, కొన్నిటి పుటలమీద నీటి మరకలు సైతము కలవు. చదివినవారు వానిని తొట్టి ప్రక్కన పెట్టుకొని చదివిరనుటకు అంతకన్న సాక్ష్యమేల?

తొట్టిస్నానము, మట్టిపట్టీ, ఉపవాసము, ఆవిరిస్నానము ఇవియన్నియు మన ఋషులు చెప్పినవే యని మనలో పలువురు నమ్ముచున్నారు. ఆ నమ్మకమున కొంత సత్యము కలదు, కొంత లేదు. ఉన్నదెంత, లేనిదెంత యని తేల్చుకొనుట కేవలము పాండిత్య విషయము కాదు. ఇంటిలో నొకరికి జ్వరము వచ్చిన రాత్రి ఆ లెక్క తెలిసియుండుట అత్యవసరము. కావున ఈ కథను మొదటినుండి చెప్పెదను.

ఐరోపా ఖండమున సిలీషియా ప్రాంతమందు గ్రాఫెన్‌బర్గ్ అను కొండపల్లె కలదు. అచ్చటి రైతుబిడ్డ విన్సెంట్ ప్రీస్నిట్జ్ (1799–1851) చన్నీటితోను తడిగుడ్డలతోను రోగులకు ఉపచారము చేసి ప్రసిద్ధి కెక్కెను. అతనికి వైద్యవిద్యా పట్టమేదియు లేదు. అటుపిమ్మట బవేరియాలో సెబాస్టియన్ క్నైప్ (1821–1897) అను క్రైస్తవ మతాచార్యుడు జలచికిత్సను వ్యాపింపజేసెను. ఈ వరుసలో తెలుగువారికి మిక్కిలి దగ్గరయైనవాడు లూయీ కూనే (1835–1901). ఇతడు జర్మనీలోని లైప్‌జిగ్ నగరమున వడ్రంగి. ఊపిరితిత్తుల జబ్బుతోను, కడుపు జబ్బుతోను బాధపడి, వైద్యుల మందులు పనిచేయక, ప్రకృతి చికిత్సకుల నాశ్రయించెను. పిదప తానే యొక పద్ధతిని కల్పించుకొని, 1883లో ఆ నగరముననే చికిత్సాలయమును తెరచెను.

కూనే సిద్ధాంతము మిక్కిలి సులభమైనది. రోగము లెన్నియైనను వాని మూలమొక్కటే. శరీరమునకు చెందని మలినపదార్థము లోపల చేరుటయే ఆ మూలము. దానిని వెడలగొట్టినచో రోగము పోవును. ఇందులకై అతడు చెప్పిన సాధనములు ఆవిరిస్నానము, తొట్టిస్నానము, మసాలాలు లేని శాకాహారము. తొట్టిస్నానమనగా మెడవరకు మునుగుట కాదు. తొడలు, నాభి వరకు మాత్రమే నీరుండునట్లు తొట్టిలో కూర్చుండి, పొత్తికడుపును ముతకగుడ్డతో మెల్లగా రుద్దుకొనుట. కాళ్లును పైదేహమును నీటికి వెలుపలనే యుండును.

ఈ వడ్రంగి వ్రాసిన గ్రంథమును డి. వేంకటచలపతిశర్మగారు 1894లో తెలుగున కనువదించిరి. బిజనోరు వాస్తవ్యులు కిషన్ స్వరూప్‌గారు హిందీ, ఉర్దూ భాషలలోనికి దానిని తెచ్చినది 1904లో. అనగా ఈ విద్య హిందీవారికంటె 10 ఏండ్లు ముందుగా తెలుగువారి యింట అడుగు పెట్టినది. ఏ ప్రభుత్వమును దానిని పంపలేదు. ఏ వైద్యశాలయు దానిని మోసికొని రాలేదు. అది పుస్తక రూపముననే వచ్చినది. గ్రంథాలయ సంచికలో ఈ మాట చెప్పుకొనుట మనకు గర్వకారణము.

పరదేశపు విద్య మనవారికి పరాయిదిగా తోచకపోవుటకు మూడు కారణములు కానవచ్చుచున్నవి. మొదటిది, దాని పోలిక. వాగ్భటుడు అష్టాంగహృదయమున సూత్రస్థానపు రెండవ అధ్యాయమును దినచర్యకును, మూడవ దానిని ఋతుచర్యకును కేటాయించెను. తెల్లవారకముందే మేల్కొనుట, దంతధావనము, అభ్యంగనము, తన బలములో సగము మేరకే వ్యాయామము, స్నానము, మితాహారము ఇవియన్నియు అందు కలవు. లంఘనము పరమౌషధమని మన ముసలమ్మలు అనుచునే యుందురు. అట్టి యింటికి కూనే వచ్చిన, చుట్టము వచ్చినట్లే తోచెను. రెండవది, దాని వెల. బావిలో నీరున్నది, చెరువులో మట్టి యున్నది, కావలసినదెల్ల ఒక రేకుతొట్టియు, ఒక ముతకగుడ్డయు. మూడవది, చదువు. అక్షరములు నేర్చినవాడు గ్రంథమును తెరచి తన శరీరమును గూర్చి తానే యోచింపగలిగెను. రోగి కేవలము చేయి చాచి మందు పుచ్చుకొనువాడు కాక, తన యారోగ్యమునకు తానే పూచీపడువాడయ్యెను. ఇది చిన్న మార్పు కాదు.

అయితే ఇచటనే ఒక భేదమును గుర్తింపవలెను. వాగ్భటుడు దినచర్యతో గ్రంథమును ముగింపలేదు. అతని యష్టాంగములలో శల్యము కలదు, విషచికిత్స కలదు, బాలచికిత్స కలదు. పెక్కు ఔషధయోగములు కలవు. మందు వలదని మన ప్రాచీనులెన్నడును చెప్పలేదు. మందే వలదను మాట లైప్‌జిగ్ నుండి వచ్చినది కాని, మన ఋషులనుండి వచ్చినది కాదు.

ఈ చికిత్సకు దేశమంతట గౌరవము తెచ్చినవారు మహాత్మాగాంధీ. దక్షిణాఫ్రికాలో నున్నప్పుడే ఆయన కూనే గ్రంథమును చదివిరి. అడాల్ఫ్ జస్ట్ అను మరియొక జర్మనుని గ్రంథమును చదివి మట్టిపట్టీని ప్రయోగించిరి. 1902లో బొంబాయిలో రెండవ కుమారుడు మణిలాలునకు సన్నిపాత జ్వరము వచ్చి ప్రాణముమీదికి రాగా, వైద్యుడు చెప్పిన గ్రుడ్లును కోడిరసమును ఈయక, తొట్టిస్నానములు చేయించి, తడిదుప్పటి చుట్టి, నారింజరసమిచ్చిరి. బాలుడు బ్రతికెను. అయినను అది దైవకృపయో, జలచికిత్స ఫలమో, పథ్యపానముల ఫలమో ఎవరు చెప్పగలరని తమ యాత్మకథలో ఆయనయే సందేహమును వెలిబుచ్చిరి. ఆయన అనుచరులు పెక్కురు ఆ సందేహమును మరచిరి.

ఆయన 1946 మార్చిలో పూనాకు సమీపమునగల ఉరుళీకాంచన గ్రామమున పేదలకొరకు ప్రకృతి చికిత్సాశ్రమమును నెలకొల్పిరి. పూనాలో ఆయన బసచేసిన చికిత్సాలయపు స్థలముననే 1986లో జాతీయ ప్రకృతి చికిత్సా సంస్థ ఏర్పడినది. 2018 నుండి నవంబరు 18వ తేదీని ప్రకృతి చికిత్సా దినముగా జరుపుకొనుచున్నాము.

ఇంతవరకు జమ పద్దు. లెక్క వ్రాయువానికి ఖర్చు పద్దు కూడ వ్రాయుట ధర్మము.

కూనే చికిత్సాలయమును తెరచుటకు ముందటి యేడు, 1882లో, ఆ జర్మనీలోనే రాబర్ట్ కోక్ అను శాస్త్రజ్ఞుడు క్షయవ్యాధికి కారణమైన సూక్ష్మజీవిని కనుగొనెను. రోగములన్నిటికి మూల మొక్కటే యను మాట పుట్టుచుండగనే, ఒక్కొక్క రోగమునకు ఒక్కొక్క మూలము బయటపడుచుండెను. ఇక తెలుగునాట జరిగినది మరింత ఆశ్చర్యకరము. కూనే గ్రంథము తెలుగున వెలువడిన 3 ఏండ్లకు, 1897 ఆగస్టు 20వ తేదీన, సికింద్రాబాదు బేగంపేటలో రోనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడు దోమ కడుపును చీల్చి సూక్ష్మదర్శినిలో చూచి, చలిజ్వరపు క్రిమిని అందు కనుగొనెను. అందులకు 1902లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. అనగా ఒకే దశాబ్దమున తెలుగువారికి రెండు సత్యములు అందినవి: తొట్టిలోని మంచినీరు దేహమునకు సుఖమిచ్చునని ఒకటి, ఇంటిముందు నిలిచిన నీరు దోమలను పెంచి ప్రాణము తీయునని రెండవది. మొదటి దానిని ఇష్టముగ చదివితిమి. రెండవ దానిని చదువుటలో ఆలస్యము చేసితిమి.

ఈ యాలస్యము నా యింటను జరిగినది గనుకనే ఇంత గట్టిగా వ్రాయుచున్నాను. నా యౌవనమున మా తమ్మునికి చలిజ్వరము వచ్చెను. అప్పుడే ప్రకృతి చికిత్సా గ్రంథములు చదివిన ఉత్సాహమున నేనే వైద్యుడనైతిని. ఉపవాసము చేయించితిని, తడిగుడ్డలు వేసితిని. మరునాడు జ్వరము లేదు. నా విద్య ఫలించినదని పొంగిపోతిని. మూడవనాడు వణకుతో మరల వచ్చెను. మరల తడిగుడ్డలు, మరునాడు మరల నెమ్మది. ఆ జ్వరమునకు దినము విడిచి దినము వచ్చుటే స్వభావమని నాకు తెలియదు. దాని స్వభావమును నా ప్రతాపముగ భావించి పది దినములు గడిపితిని. చివరకు ఆరోగ్య కార్యకర్త వచ్చి వ్రేలు పొడిచి, గాజుపలక మీద రక్తపు చుక్క తీసికొనిపోయిన పిదప గదా మలేరియా యని తేలినది! మాత్రలు మ్రింగిన కొలది దినములకే కోలుకొనెను గాని, అప్పటికే రక్తము క్షీణించి పాలిపోయి యుండెను. తప్పు పుస్తకముది కాదు. ఒక్క పుస్తకమే చదివిన నాది.

తరువాత చరకసంహితను చదువుచు విమానస్థానమున మూడవ అధ్యాయమునకు వచ్చితిని. దానిని జనపదోద్ధ్వంసనీయమందురు. పాంచాల దేశమున కాంపిల్య నగర సమీపమున గంగాతీరమందు ఆత్రేయుడు శిష్యుడైన అగ్నివేశునితో ప్రసంగించు ఘట్టమది. మనుష్యుల ప్రకృతి వేఱు, ఆహారము వేఱు, బలము వేఱు, వయస్సు వేఱు. అట్లయ్యు ఒకే రోగము ఒకే సమయమున ఊరినంతయు ఏల తుడిచిపెట్టునని ప్రశ్న. వాయువు, ఉదకము, దేశము, కాలము ఈ నాలుగును అందరికిని ఉమ్మడివి గనుక, అవి చెడినప్పుడు అందరును చెడుదురని సమాధానము. ఈ యధ్యాయమును చదివిన నాడు నా కన్నులు తెరపడినవి. నా దేహమును నేను శుద్ధి చేసికొనవచ్చును. కాని ఊరి నీటిని, ఊరి గాలిని ఊరంతయు కలిసియే శుద్ధి చేసికొనవలెను.

మశూచికము ఇందులకు తిరుగులేని దృష్టాంతము. టీకాలను కూనే నిరసించెను, గాంధీజీయు ఒప్పుకొనలేదు. కాని టీకాలవలననే ఆ మహమ్మారి భూమండలమునుండి తొలగినది. సహజముగ సోకిన చివరి కేసు 1977లో సోమాలియా దేశమున కనబడినది. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాని నిర్మూలనమును ప్రకటించెను. ఎన్ని తొట్టిస్నానములైనను ఈ పని చేయజాలవు. అట్లే, దేహమున ఇన్సులిన్ బొత్తిగా ఊరని మధుమేహ రోగిచేత సూది మాన్పించి ఉపవాసముంచుట ప్రాణాపాయము. గాంధీజీ సైతము 1924 జనవరిలో పేగుకొసవాపు వచ్చినప్పుడు పూనా సాసూన్ ఆసుపత్రిలో కర్నల్ మాడక్ అను ఆంగ్ల వైద్యునిచే శస్త్రచికిత్స చేయించుకొనిరి. పట్టుదలకు మారుపేరైన ఆ మహనీయుడే కత్తికి సమ్మతింపగా, మనకు మొండితనమేల?

అయినచో ఆ అరలోని పుస్తకములను తీసివేయవలెనా? వలదు. నేడు మన యూళ్లలో ఇంటింట వినబడుచున్న రక్తపు పోటు, మధుమేహము, స్థూలకాయము అను జబ్బులు చాలవరకు దినచర్య చెడుటవలన ముదురుచున్నవి. ఉప్పు రోజునకు 5 గ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచుండగా, మన ఆవకాయయు అప్పడమును ఆ లెక్కను దాటించుచున్నవి. నడక, వేళకు నిద్ర, మితాహారము, శుభ్రమైన స్నానము ఇవి వాగ్భటుని వంటి ప్రాచీనుల బోధలకును ఆధునికుల బోధలకును సమ్మతములు. ఇందు తొట్టిస్నానము చేయువాడు సుఖముగ చేయవచ్చును. కాని జ్వరము మూడు దినములు నిలిచినను, మధ్య విడిచి మరల వచ్చినను, రొమ్ము నొప్పి కలిగినను, బిడ్డ పాలు త్రాగక సోలినను, పుస్తకము మూసి వైద్యుని యొద్దకు పోవలెను. రొమ్ము నొప్పియు బిడ్డ సోలుటయు గడియ యాలస్యమునకైన తగినవి కావు.

పాఠక మహాశయులారా! మన గ్రంథాలయము ఒక పుస్తకపు గృహము కాదు. పెక్కు పుస్తకముల గృహము. కూనే ప్రక్కన చరకుడును, చరకుని ప్రక్కన రాస్ చరిత్రయు నిలిచియున్నప్పుడే ఆ బీరువా మనకు మేలు చేయును. 25 ఏండ్లు నిండిన ఈ సంస్థ శతవత్సరములు వర్ధిల్లుగాక! అందరును ఆయురారోగ్యములతో దాని గడప త్రొక్కుదురుగాక!