బాస్ బాక్సు ఎక్కడ పెట్టాలి? - జీపు మైకు నుంచి మియాటా దాకా

మొన్న వినాయక నిమజ్జనానికి ఊరెళ్ళాను. మా ఊరు కేతేపల్లి. హైదరాబాదు నుంచి విజయవాడ బస్సెక్కితే నకిరేకల్ దాటాక, సూర్యాపేట రాకముందు వస్తుంది. కొర్లపహాడ్ టోల్‌గేట్ అంటే చాలామందికి టక్కున గుర్తొస్తుంది. చిల్లర కోసమో ఫాస్టాగ్ పనిచెయ్యకో మీరూ అక్కడ తిట్టుకునే ఉంటారు :-)

సరే, అసలు విషయానికొస్తా. సాయంత్రం అరుగు మీద కూచుని ఉంటే డాలస్ నుంచి పాత రూమ్మేట్ ఫోన్. సెకండ్ హ్యాండులో మాజ్దా మియాటా కొన్నాడట, 2003 మోడలు, రెండు సీట్లు, టాపు తీస్తే ఆకాశం. "మామా, సబ్‌వూఫర్ ఎక్కడ బిగించాలో అర్థం కావట్లేదు. నువ్వు ఈసీఈ కదా, చెప్పు" అన్నాడు. నేను ఈసీఈ చదివి జావా రాస్తున్న సంగతి వాడికి తెలుసు. అయినా అడిగాడు. నేను నోరు తెరిచేలోపు సందు చివరి నుంచి డీజే ట్రాక్టరొచ్చింది. ట్రాలీ నిండా 18 ఇంచుల బాస్ బాక్సులు. కిటికీ రేకులు గడగడలాడాయి. "అదేంట్రా అది?" అని అడిగాడు వాడు. "మా ఊరి స్పోర్ట్స్ కారు" అన్నాను.

పక్కనే మా పెదనాయిన ఉన్నాడు. సంగతంతా విని ఒక్కటే మాటన్నాడు. "ఎవలికి ఇనపడాలెనో ముందుగాల అడుగు. ఏడ కట్టాలెనో తర్వాత."

ఆ మాట అనే అర్హత ఆయనకుంది. ఇరవై ఏళ్ళు మైకు సెట్టు నడిపాడు. పెళ్ళిళ్ళు, ఎన్నికలు, కొత్త సినిమా ప్రచారం, ఏదున్నా జీపు మీద రెండు హారన్లు కట్టి చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగేవాడు. ఆ రాత్రి వాడి ప్రశ్నకి జవాబు వెతుకుతూ కూచుంటే బండికి స్పీకరు ఎక్కడ పెట్టాలన్న గొడవ దాదాపు వందేళ్ళనాటిదని తెలిసింది. ఆ కథే ఇది.

మొదట్లో కారులో రేడియో అంటే రేడియో కాదు, ఓ సంసారం. 1930లో షికాగోలో గాల్విన్ అన్నదమ్ములు మోటరోలా అనే పేరుతో కారు రేడియో అమ్మకానికి పెట్టారు. మోటారు కారులో పాట అని ఆ పేరు. తర్వాత కంపెనీ పేరే అదైపోయింది. అప్పట్లో దాన్ని బిగించడమంటే వాక్యూమ్ ట్యూబుల పెట్టె ఒక చోట, స్పీకరు ఇంకో చోట, బ్యాటరీలు మరో చోట, ఇంజను స్పార్కుల గోల రేడియోలోకి రాకుండా అడ్డుకట్టలు ఇంకా ఎన్నో. 1932లో జర్మనీలో బ్లావ్‌పుంక్ట్ కూడా కారు రేడియో తెచ్చింది. పెట్టె పెద్దది కావడంతో దాన్నెక్కడో లోపల దాచి, మీటలు మాత్రం స్టీరింగు దగ్గర పెట్టారు. అంటే "ఎక్కడ పెట్టాలి" అనే ప్రశ్న మొదటి రోజునుంచే ఉంది. పాట వినాలంటే కాళ్ళు పెట్టుకునే చోటో సామాను పెట్టుకునే చోటో ఏదో ఒకటి వదులుకోవాల్సిందే.

1955లో క్రైస్లర్, ఫిల్కో కలిసి ట్యూబులు లేని, పూర్తిగా ట్రాన్సిస్టర్ల మీద నడిచే కారు రేడియో తెచ్చాయి. పెట్టె చిన్నదైంది. అదే సమయంలో క్రైస్లర్ వాళ్ళు డాష్‌బోర్డు కింద గ్రామఫోను కూడా పెట్టారు! హైవే హైఫై అని దాని పేరు. ప్రత్యేకమైన రికార్డులు, వాటికి ప్రత్యేకమైన వేగం. ఎక్కువ కాలం నిలబడలేదు. 1963లో ఫిలిప్స్ క్యాసెట్ తెచ్చాక కారులో మనకి నచ్చిన పాట మనమే పెట్టుకోవడం తేలికైంది.

పెట్టెలన్నీ చిన్నవవుతున్నా బాస్ మాత్రం చిన్నదవ్వలేదు. ఎందుకో చెప్తా, కాస్త ఫిజిక్సు భరించండి. ధ్వని వేగం సెకనుకి దాదాపు 343 మీటర్లు. 40 హెర్ట్జ్ డప్పు దెబ్బని తీసుకుంటే దాని అలపొడవు ఎనిమిదిన్నర మీటర్లు. మియాటా క్యాబిను పొడవు రెండు మీటర్లు కూడా ఉండదు. అంత పెద్ద అలని పుట్టించాలంటే చాలా గాలిని కదపాలి, దానికి పెద్ద పెట్టె కావాలి. 1954లో ఎడ్గర్ విల్చర్ అనే అమెరికన్ ఓ చిట్కా కనిపెట్టాడు. పెట్టెని గట్టిగా మూసేస్తే లోపలి గాలే స్ప్రింగులాగా పనిచేస్తుందని. అల్మారా అంత పెట్టె చెయ్యాల్సిన పని పుస్తకాల అరలో పట్టే పెట్టె చెయ్యడం మొదలెట్టింది. తర్వాత ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లో, రిచర్డ్ స్మాల్ 1970లలో దానికంతా లెక్కలు కట్టారు. ఈ రోజు సబ్‌వూఫర్ స్పీకర్ల వివరాల్లో ఇచ్చే అంకెలు చాలావరకు వీళ్ళిద్దరి పేరు మీదే ఉంటాయి.

ఇంకో పెద్దమనిషి, జె. అంటన్ హాఫ్‌మన్, ఓ ఉక్కు సూత్రం చెప్పాడు. చిన్న పెట్టె, లోతైన బాస్, తక్కువ కరెంటుకే ఎక్కువ మోత. ఈ మూడింటిలో ఏ రెండైనా తీసుకో, మూడోది దొరకదు అని. మన మేనేజర్లకి ఫ్రేము కట్టించి ఇవ్వాలి దీన్ని :-)

ఇప్పుడు మా పెదనాయిన జీపు దగ్గరికి రండి. ఆయన హారన్లు సరిగ్గా ఈ సూత్రం ప్రకారమే నడిచేవి. హారన్‌కి బాస్ అక్కర్లేదు, మాట వినపడితే చాలు. మనిషి మాట అర్థమవడానికి సుమారు 300 నుంచి 3000 హెర్ట్జ్ మధ్య వినపడితే సరిపోతుంది. ఆ మేరకి హారన్ ఎంత పొదుపంటే, జీపు బ్యాటరీ మీద నడిచే చిన్న ఆంప్లిఫయర్‌తో ఊరి ఈ చివర చెప్పింది ఆ చివర వినపడుతుంది. అదే ట్రాక్టరు డీజేకి జనరేటరు కావాలి, కిలోవాట్లు కావాలి. జీపు చెప్పడానికి తిరిగేది, ట్రాక్టరు అదరగొట్టడానికి తిరుగుతోంది. తేడా అంతా అక్కడుంది.

బండి మీద మైకు ఎంత పని చెయ్యగలదో తెలుగువాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. 1982లో ఎన్టీఆర్ ఒక పాత షెవర్లే వ్యానుని చైతన్యరథంగా మార్చుకుని, హరికృష్ణ నడుపుతుంటే రాష్ట్రమంతా తిరిగాడు. ఎక్కడ జనం కనపడితే అక్కడ బండి ఆపి పైకెక్కి మాట్లాడటమే. 1983 జనవరి ఎన్నికల్లో ఏమైందో మీకు తెలుసు. ఆ బండికి స్పీకర్లు ఎక్కడ పెట్టాలన్న విషయంలో సందేహానికి తావే లేదు. వినాల్సినవాళ్ళు బయట ఉన్నారు, కాబట్టి స్పీకరు బయట.

లారీలది, కార్లది ఇందుకు పూర్తిగా తిరకాసు. క్యాసెట్లు చవకయ్యాక మా హైవే మీద ప్రతి లారీ క్యాబినులో ఓ డెక్కు, నెత్తిమీద రెండు స్పీకర్లు. వినేది డ్రైవరు, క్లీనరు. రాత్రంతా నిద్ర రాకుండా ఆ పాటలే తోడు. అంబాసిడర్లలో వెనక అద్దం కింది పలక మీద కోడిగుడ్డు ఆకారం స్పీకర్లు బిగించేవాళ్ళు. అదేదో అందం కోసం అనుకునేవాణ్ణి. కాదట. డిక్కీ మొత్తం ఆ స్పీకర్లకి పెట్టెలాగా పనికొస్తుంది. పైసా ఖర్చు లేకుండా అంత పెద్ద పెట్టె. థీల్, స్మాల్ పేర్లు విననివాళ్ళు కూడా చెవితో విని పట్టేసిన సంగతి ఇది.

ఆ డిక్కీలోకే తర్వాత సబ్‌వూఫర్ వచ్చింది. 1974లో భూకంపం మీద హాలీవుడ్ తీసిన 'ఎర్త్‌క్వేక్' సినిమా కోసం థియేటర్లలో పెద్ద పెద్ద బాస్ పెట్టెలు పెట్టి కుర్చీలు అదరగొట్టారు. 1980లలో అమెరికాలో ఆ మోత కార్ల డిక్కీల్లోకి దిగింది. మయామీ బాస్ అని ఒక పాటల రకమే పుట్టింది. అక్కడ ఒక చిత్రం జరిగింది. లోపలి వాళ్ళ కోసం పెట్టిన పెట్టె మళ్ళీ బయటికి తిరిగింది. డిక్కీ తెరిచి వీధి మొత్తానికి వినిపించడం మొదలైంది. మా సందులోకొచ్చిన ట్రాక్టరు దానికి మేనల్లుడే.

మరి స్పోర్ట్స్ కారు సంగతి? అంబాసిడర్ చిట్కా అక్కడ పనిచెయ్యదు. వాడి మియాటాలో డిక్కీకీ సీట్లకీ మధ్య రేకు గోడ ఉంటుంది. డిక్కీలో పెడితే నంబరు ప్లేటు అదురుతుంది తప్ప చెవికి చేరేది తక్కువ. పైగా అందులోనే బ్యాటరీ, స్పేరు టైరు. పోనీ సీట్ల వెనక గోడకి స్క్రూలతో బిగిద్దామా అంటే, ఆ మోడల్లో పెట్రోలు ట్యాంకు ఆ గోడ వెనకే ఉంటుంది! మావాడు అప్పటికే డ్రిల్లింగు మిషను కొనిపెట్టుకున్నాడు. "ముందు దాన్ని అవతల పెట్టరా బాబూ" అని ఆ రాత్రి నేను పంపిన మొదటి మెసేజి అదే.

ఇక మిగిలింది పక్క సీటు ముందు, కాళ్ళు పెట్టుకునే చోటు. చాలామంది అక్కడే పెడతారట. బాస్ పరంగా చూస్తే మంచి చోటే. 80 హెర్ట్జ్ కింద శబ్దం ఏ వైపునుంచి వస్తోందో చెవి సరిగ్గా పట్టలేదు, కాబట్టి పెట్టె ఎక్కడున్నా పాట ముందునుంచే వస్తున్నట్టుంటుంది. క్యాబిను మూసి ఉన్నంతసేపూ చిన్న గది కాబట్టి లోతైన బాస్ దానంతటదే పెరుగుతుంది కూడా. టాపు తీస్తే ఆ లాభం గాలిలో కలిసిపోతుందనుకోండి. మాజ్దా వాళ్ళకీ ఈ బాధ తెలుసు. మొదటి తరం మియాటాలోనే తలదిండులో స్పీకర్లు పెట్టి అమ్మారు. గాలి హోరులో చెవికి దగ్గరగా పెట్టడం ఒక్కటే దారి అని.

ఇదంతా పొద్దున్నే పెదనాయినకి చెప్పాను. కుడి చెవి వైపు కూచుని చెప్తుంటే, లేచి ఎడమ వైపు రమ్మన్నాడు. "ఈ పక్క ఇనపడది గదరా" అన్నాడు.

నాకు తెలియని విషయం కాదు. చిన్నప్పటినుంచీ చూస్తున్నదే. కానీ ఎందుకు వినపడదో ఎప్పుడూ అడగలేదు. అడిగితే చెప్పాడు. జీపులో ఆయన కూచునే చోటు సరిగ్గా కుడి హారన్ కింద. ముందు హారన్ పైకి ఎత్తి కట్టేవాళ్ళట. చెట్ల కొమ్మలు తగులుతున్నాయని కిందికి దించారు. "బయటోళ్ళకు ఇనపడాలెనని కట్టినం. లోపల కూసున్నోని సంగతి ఎవలకు యాదికున్నది?" అన్నాడు. మామూలుగానే అన్నాడు, ఫిర్యాదులా కాదు.

లెక్క కూడా చెప్తాను, ఎందుకంటే మనలో సగం మంది రోజంతా హెడ్‌ఫోన్లలోనే బతుకుతాం. 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటలు హద్దు అనుకుంటే, ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గరికొచ్చేసరికి మిగిలేది పావుగంట. బయట ఖాళీ జాగాలో దూరం రెట్టింపైతే మోత 6 డెసిబెల్స్ తగ్గుతుంది. అంటే వీధిలో నిలబడి వినేవాడికి తప్పించుకునే దారుంది. స్పీకరు కింద కూచున్నవాడికి లేదు. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనలు రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడ్‌స్పీకర్లు వద్దన్నాయి, ఇళ్ళ మధ్య పగలు 55, రాత్రి 45 అన్నాయి. అవన్నీ చుట్టుపక్కల వాళ్ళ కోసం, ఉండాల్సినవే. కానీ బండెక్కినవాడి చెవిని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. మోటరోలా నుంచి మియాటా దాకా జనం పెట్టె ఎక్కడ పడుతుందని చూశారు, మోత ఎంత వస్తుందని చూశారు. అక్కడ కూచునే మనిషిని ఆఖర్న చూశారు.

మధ్యాహ్నం మావాడికి మళ్ళీ ఫోన్ చేసి, "పక్క సీటులో ఎవరు కూచుంటారు?" అని అడిగాను. "మా ఆవిడే" అన్నాడు. "మరి తననడిగావా?" అంటే కాసేపు మాట్లాడలేదు. మర్నాడు చెప్పాడు. కాళ్ళు చాపుకునే చోటు ఇవ్వనందట ఆవిడ. తలుపుల్లో మంచి స్పీకర్లు చాలు, కావాలంటే నీ సీటు వెనక పెట్టుకో అందట. చివరికి అదే ఖాయమైంది. డ్రైవరు సీటు వెనక పల్చటి మూత పెట్టె, ఎనిమిదించుల స్పీకరు. ఒక్క కన్నం కూడా కొట్టకుండా, కారుకి ముందే ఉన్న బోల్టులకి పట్టీలతో బిగించారు, గుద్దుకుంటే ఎగిరి నెత్తిన పడకుండా. సీటు రెండంగుళాలు ముందుకి జరపాల్సొచ్చింది. వాడు పొట్టివాడు కాబట్టి సరిపోయింది :-)

ఆ రోజు సాయంత్రం ట్రాక్టరు మళ్ళీ వచ్చింది. ట్రాలీలో బాస్ బాక్సుల మీద ఇద్దరు పిల్లలు కూచుని ఊగుతున్నారు, ఎనిమిదేళ్ళుంటాయేమో. పెదనాయిన అరుగు దిగి రోడ్డు మధ్యకెళ్ళి చెయ్యెత్తాడు. పాట ఆపమన్లేదు.

"పోరగాండ్లను దింపు. ఎన్క నడిసొస్తరు" అన్నాడు డ్రైవరుతో.

వాళ్ళు మొహాలు మాడ్చుకుని దిగారు. ట్రాక్టరు కదిలింది. పిల్లలిద్దరూ దాని వెనక పది గజాల దూరంలో చిందులేసుకుంటూ వెళ్ళారు.