పేరు పెట్టేదెవరు, ఎల్ల గీసేదెవరు?



ఒక సీమకు పేరు పెట్టేదెవరు, ఎల్ల గీసేదెవరు అని అడిగితే మన చరిత్ర గ్రంథాలు రాజులనే చూపుతాయి. ఇందూరును నిజామాబాదు చేసినవారు గానీ, పాలమూరును మహబూబ్‌నగరుగా మార్చినవారు గానీ ప్రజల నడిగి చేయలేదు. అయినను జనుల నోట ఇందూరు, పాలమూరు నేటికీ సజీవములే. దస్తావేజులోని పేరు వేరు, నాలుకమీది పేరు వేరు.

1974 నాటి జిల్లాల ఏర్పాటు చట్టం ఈ విషయంలో ఒక మెట్టు పైకెక్కింది. జిల్లాను విభజించాలన్నా, పేరు మార్చాలన్నా ముందుగా ప్రతిపాదన ప్రకటించి నివాసుల అభ్యంతరాలు స్వీకరించాలి. ఆ ప్రకారమే తెలంగాణ ప్రభుత్వం 2016 ఆగస్టు 22న ముసాయిదా వెలువరించి ముప్పై రోజుల గడువిచ్చింది. ముసాయిదాలో మొత్తం జిల్లాలు 27. అక్టోబరు 11, విజయదశమినాడు అవతరించినవి 31. జనగామ, గద్వాల, సిరిసిల్ల, ఆసిఫాబాదులు ముసాయిదాలో లేక, తుదిజాబితాలో చేరినవి. జనగామవారి బందులూ దీక్షలూ పత్రికల్లో చదివినవారికి ఆ చేరిక వెనుక ఏముందో వేరే చెప్పనక్కరలేదు.

మరి మా బాన్సువాడ సంగతి? బాన్సువాడ, బీర్కూరు నిజామాబాదును వీడి కామారెడ్డి జిల్లాలో చేరాయి. బాన్సువాడ రెవెన్యూ డివిజను కేంద్రమైంది. వర్ని, కోటగిరి నిజామాబాదులోనే నిలిచాయి. మంజీరపై 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగరు కాలువ మాత్రం ఈ ఎల్లను ఎరుగదు. ఈ సీమకు వరిపంటవల్ల పేరు వచ్చినదంటే అది ఆ నీటి చలవే. ఒకే నీరు, ఒకే పంట, ఇద్దరు కలెక్టర్లు! కోటగిరి రైతు కలెక్టరుకు అర్జీ పెట్టాలంటే నిజామాబాదు పోవాలి. అతని శాసనసభ నియోజకవర్గం బాన్సువాడ. లోక్‌సభ స్థానం జహీరాబాదు, అంటే సంగారెడ్డి జిల్లాలోని పట్టణం పేరుమీద. దూరాభారం చూస్తే వర్ని, కోటగిరివారికి పాతజిల్లాయే అనుకూలమని నేనూ ఒప్పుకుంటాను. నా అభ్యంతరం వేరు. పటం గీసిన పిమ్మట 'ఏమంటారు?' అని అడగటం ఒకటి, గీయకముందు 'ఎలా గీద్దాం?' అని అడగటం మరొకటి. మొదటిదానికి జవాబు 'ఔను', 'కాదు' మాత్రమే. కాలువ ఆయకట్టును ఒక్కటిగా ఉంచుదామా అన్న ప్రశ్న అందులో ఇమడదు.

పేర్ల విషయం చూడండి. యాదాద్రి, జోగులాంబ, రాజన్న అంటూ కొన్ని జిల్లాలకు దేవతలు తోడైనారు. కామారెడ్డికి ఏ విశేషణమూ తగిలించలేదు, నాకదే ఇష్టం. వరంగల్లుకు మాత్రం 'అర్బన్', 'రూరల్' అని ఆఫీసు తోకలు అతికించారు. ఓరుగల్లువంటి చరిత్ర గల పేరుకు అంతటి అలంకారమా! ఐదేళ్లకు, 2021 ఆగస్టులో, అవి హనుమకొండ, వరంగల్ అయ్యాయి.

2018లో బాన్సువాడ గ్రామపంచాయతీ పురపాలక సంఘమైంది. 2019 పురపాలక చట్టం ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలను నిర్దేశించింది: యువతకు, మహిళలకు, వయోవృద్ధులకు, ప్రముఖులకు వేర్వేరుగా, ఒక్కొక్కదానిలో పదిహేనుమంది చొప్పున. మాబోటి పింఛనుదారులకూ చోటుందన్నమాట, సంతోషమే. కానీ గ్రామసభ ఉన్న రోజుల్లో ఓటున్న ఏ మనిషైనా లేచి నిలబడి లెక్క అడగవచ్చు. కమిటీలో ఆ పదిహేనుమందే.